తల మా వైపు, మొదలు వాళ్ల వైపు

మా పెరట్లో నిలబడి తలెత్తితే కనబడే కొబ్బరి చెట్టు మాది కాదు. దాని మొదలు పక్కింటి మాస్టారి పెరట్లో, గోడకి నాలుగడుగుల అవతల ఉండేది. తల మాత్రం మా వంటగది రేకుల మీద ఉండేది.

మాది కోనసీమలో ఒక ఊరు. మా ఆయన మస్కట్‌లో పనిచేస్తారు, రెండేళ్లకోసారి వస్తారు. ఇంట్లో నేనూ, మా అత్తయ్యా, ఇంటరు చదివే మా అమ్మాయీ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. పక్కింటి మాస్టారు రిటైరై పదిహేనేళ్లు దాటింది. హైస్కూల్లో మా ఆయనకి లెక్కలు చెప్పింది ఆయనే. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఈ గొడవ ఏడాదిన్నర ఎందుకు నలిగిందో సగం అర్థమైపోతుంది. నేను ఫోన్లో ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా మా ఆయన ముందు అనే మాట ఒకటే: "మాస్టారితోనా?"

పేచీ మొదలైంది మాత్రం మామిడి దగ్గర. వాళ్ల పెరట్లో కొత్తపల్లి కొబ్బరి చెట్టు ఉంది. పేరులో కొబ్బరి ఉన్నా అది మామిడే. ఆవకాయకి మా వైపు దాన్ని మించిన కాయ లేదంటారు. రెండు పెద్ద కొమ్మలు గోడ దాటి మా బావి దాకా వచ్చేశాయి. గాలికి రాలిన కాయలు మా అత్తయ్య ఏరి, సగం వాళ్లకి పంపి, సగంతో ఒక చిన్న జాడీ ఆవకాయ పెట్టింది. నెల తర్వాత మాస్టారి భార్య, పిన్నిగారు, గోడ మీంచి, "మా కాయల ఆవకాయ ఎలా ఊరింది వదినా?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు. అత్తయ్య ఆ జాడీ తెచ్చి గోడ మీద పెట్టేసి లోపలికి వచ్చేసింది. ఆ తర్వాత రాలిన కాయ రాలినచోటే కుళ్లేది, మా ఇంట్లో ఎవ్వరం ముట్టుకునేవాళ్లం కాదు.

అసలు దెబ్బ 2023 డిసెంబరు 5న తగిలింది. మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు. మాకు దూరమే అయినా ముందు రోజు నుంచీ వాన, ఉండుండి గాలి విసురు. మధ్యాహ్నం మూడింటప్పుడు వంటగదిలో బాంబు పడ్డట్టు చప్పుడైంది. వెళ్లి చూస్తే సిమెంటు రేకులు రెండు బద్దలై, ఒక ఎండు మట్టా, నాలుగు ముదురు కాయలూ పొయ్యి గట్టు మీద ఉన్నాయి. ఒక కాయ తిన్నగా కుక్కర్ మీద పడి మూత లోపలికి సొట్టపోయింది. పది నిమిషాల ముందు అత్తయ్య అక్కడే పీట వేసుకుని చిక్కుడుకాయలు తుంచింది.

ఆ రోజు నేను మూడు పనులు చేశాను. తర్వాత అవే అక్కరకొచ్చాయి. పడినవి పడినట్టే ఫోటోలు తీశాను. రేకుల కొట్లో బిల్లు అడిగి తీసుకున్నాను, కూలీతో కలిపి 3,400 అయింది. చెట్టు మొదలు కూడా గోడ మీంచి వంగి ఫోటో తీశాను. ఈ మూడోది ఎందుకు తీశానో నాకే తెలీదు. కానీ ఆ ఫోటోలో చెట్టుకి అవతలి పక్క మట్టి పెచ్చులా లేచి, కింద ఎర్రటి వేళ్లు కనబడుతున్నాయి.

కొబ్బరి చెట్టు వాలి ఉండటం వింతేం కాదు. కాలవ గట్ల మీద నీళ్లలోకి వంగి ముప్పై ఏళ్లుగా కాస్తున్నవి మా ఊళ్లో ఎన్నో. మాకు దింపు తీసే, అంటే చెట్టెక్కి కాయలు కోసే తాత చెప్పిన గుర్తు ఏంటంటే, చిన్నప్పుడే వాలి, మధ్యలో మళ్లీ ఆకాశం వైపు వంపు తిరిగిన చెట్టుకి భయం లేదు. మొదట్లోంచే కర్ర పాతినట్టు తిన్నగా వాలుతూ, వెనక మట్టి లేస్తుంటే మాత్రం అది పడబోతోందని లెక్క. మాస్టారి చెట్టు రెండూ కలిసిన రకం. పైన పాత వంపు ఉంది, కింద కొత్త వాలు మొదలైంది.

కాయలు పడటానికి కారణం వేరు. ముదిరిన కాయ చెట్టు మీద ఉండిపోతే ఎప్పుడో ఒకప్పుడు రాలి తీరాలి. అందుకే రెండు నెలలకోసారి దింపు తీయించాలి. కాయలతో పాటు ఎండు మట్టలూ, పీచూ లాగేసి తల శుభ్రం చేస్తారు. మాస్టారి చెట్లకి దింపు తీసే ఆయన ముసలాడైపోయాడు. కొడుకు గల్ఫ్ వెళ్లిపోయాడు. మా ఊళ్లో ఇప్పుడు చెట్టెక్కే మనిషి దొరకడం డాక్టరు అపాయింట్‌మెంటు దొరకడం కన్నా కష్టం. పైగా నాలుగు చెట్ల కోసం ఎవరొస్తారు? ఆ చెట్టు ఎనిమిది నెలలుగా దింపు చూడలేదు.

వాన తగ్గాక వెళ్లి చెప్పాను. మాస్టారు కుర్చీలోంచి లేచి వచ్చి గోడ మీంచి రేకులు చూశారు. "అయ్యో, అత్తయ్యకేం కాలేదు కదమ్మా?" అన్నారు. చెట్టు కొట్టించమనగానే ముఖం మారింది. "మా నాన్నగారు పాతింది అమ్మాయ్. కొబ్బరి చెట్టంటే ఇంటికి పెద్ద కొడుకు. అరవై ఏళ్ల నుంచీ అలాగే వాలి ఉంది, ఎవర్నీ ఏమీ అన్లేదు." రేకుల డబ్బుల మాట నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. దింపు తీయిస్తానన్నారు. జనవరి వెళ్లింది, సంక్రాంతి వెళ్లింది, మనిషి రాలేదు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి.

ఫిబ్రవరిలో మా ఆయన పెదనాన్న కొడుకు వచ్చాడు. "కొబ్బరి సంగతి తర్వాత, మన వైపు వచ్చిన మామిడి కొమ్మలు కోసేస్తే ఎవడడుగుతాడు, చట్టమే ఉంది" అన్నాడు. చట్టం ఉన్న మాట నిజమే. కానీ ఆ చట్టం ఏం చెబుతుందో అతనికి తెలీదు, నేనూ కనుక్కోలేదు. స్కూల్ నుంచి వచ్చేసరికి రెండు కొమ్మలూ నేల మీద ఉన్నాయి. ఒకటి సరిగ్గా గోడ దగ్గర కోశారు. రెండోది మాత్రం కోతకి వీలుగా ఉందని, గోడెక్కి అవతలికి వంగి, మూడడుగులు వాళ్ల వైపున్న పంగ దాకా కోసేశారు. ఫిబ్రవరి అంటే చెట్టు నిండా పూత. ఆ కొమ్మ మీద పిందె కట్టడం కూడా మొదలైంది. పిన్నిగారు పెరట్లోకి వచ్చి చూసి ఒక్క మాటా అన్లేదు. మాస్టారు స్టేషన్‌కి వెళ్లారు.

ఎస్సై గారు ఇద్దర్నీ కూర్చోబెట్టి, "ఇది సివిల్ వ్యవహారం, కోర్టులో తేల్చుకోండి" అని చెప్పి, నా వైపు తిరిగి, "గోడ దాటి కోస్తే మాత్రం అది సివిల్ కాదమ్మా, అవతలి వాళ్ల ఆస్తికి నష్టం కలిగించడం కిందకొస్తుంది" అన్నారు. నా విద్యార్థి వాళ్ల నాన్న అదే స్టేషన్లో కానిస్టేబులు. ఆయన నాకు కుర్చీ వేశాడు. ఆ కుర్చీలో కూర్చోవడం కన్నా నిలబడటమే నయం అనిపించింది.

ఆ తర్వాతే లాయరు గారి దగ్గరికి వెళ్లాను. ముందు వెళ్లాల్సింది. ఆయన పాతకాలపు మనిషి, ఫైలు తెరవకుండా ముందు కాగితం మీద ఒక గోడ గీసి, దాని మీంచి పైకి తిన్నగా గీత లాగారు. "మీ స్థలం నేలతో ఆగదమ్మా. ఈ గీత వెంబడి పైకి పోతుంది. గీత దాటి వచ్చిన కొమ్మ మీకు ఇబ్బంది. దాన్ని మీ స్థలంలో నిలబడి, గీత దాకా కోసుకోవచ్చు. గీత దాటి అంగుళం పోయినా తప్పు మీది." ఇంగ్లండులో లెమన్, వెబ్ అనే ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్లు ఇదే గొడవతో, అప్పట్లో అక్కడి అన్నిటికన్నా పై కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లారట. అవతలి స్థలంలో కాలు పెట్టకుండా కోసేటట్లయితే ముందుగా చెప్పాల్సిన పని కూడా లేదని 1894లో తీర్పు వచ్చింది. మన కోర్టులు కూడా ఆ దారే పట్టాయని చెప్పారు. "అయినా చెప్పి కోయండి. చట్టం అడక్కపోయినా పక్కింటివాడు అడుగుతాడు."

కోసిన కొమ్మ ఎవరిదని అడిగాను. "వాళ్లది. పుల్లా, ఆకూ, కాయా అన్నీ వాళ్లవే. గోడ మీంచి అందించేయాలి. 1919లో ఇంకో ఇంగ్లీషు కేసు ఉంది, తన వైపు వచ్చిన ఆపిల్ కొమ్మల కాయలు కోసి అమ్ముకున్నాయన ఆ డబ్బు కట్టాల్సొచ్చింది." ఇంటికొచ్చి ఈ మాట చెబితే అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ జాడీ వాళ్లదేనన్నమాట" అంది.

అప్పుడడిగాను అసలు ప్రశ్న. కొబ్బరి చెట్టు గీత దాటింది కదా, మా వైపు వచ్చినంత కోయొచ్చా?

లాయరు గారు పెన్ను కింద పెట్టారు. "మామిడికి వంద కొమ్మలుంటాయి, రెండు పోతే ఇంకో నాలుగొస్తాయి. కొబ్బరికి ఉన్నది ఒకటే మొవ్వు. మీ వైపు వచ్చింది దాని తల. కొమ్మ కోసే హక్కుని తల కోసే హక్కుగా చదవొద్దమ్మా." నా మనసు ఆ మాట దగ్గర ఆగిపోయింది. గోడకి అవతల ఉన్న అరవై ఏళ్ల చెట్టు బతుకంతా ఇవతల రెండడుగుల మొవ్వులో ఉంది. చట్టం గీసిన గీత దాని మెడ మీంచి పోతోంది.

మార్చిలో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపించాం. నోటీసులో నేనే రెండు విషయాలు పట్టుబట్టి రాయించాను. మామిడి కొమ్మ గోడ దాటి కోయడం మా పొరపాటని ఒకటి, కోసిన కలప వాళ్లకి ఇచ్చేస్తామని ఇంకోటి. లాయరు గారికి మొదటిది నచ్చలేదు. మన నోటితో మనమే ఎందుకు ఒప్పుకోవాలన్నారు. నేను వినలేదు.

జవాబు నోటీసు ఏప్రిల్‌లో వచ్చింది. అది మాస్టారే రాసి లాయరు చేత సంతకం పెట్టించినట్టుంది, ప్రతి వాక్యానికీ నంబరు వేసి ఉంది. సారాంశం ఏంటంటే, చెట్టు అరవై ఏళ్లుగా వాలి ఉంది, 1882 ఈజ్‌మెంట్స్ (పక్కవాళ్ల స్థలం మీద వాడుక హక్కుల) చట్టం ప్రకారం ఇరవై ఏళ్లు దాటితే హక్కు వస్తుంది, కాబట్టి వాలి ఉండే హక్కు ఆ చెట్టుకి ఉంది. నాకు గుండె జారిపోయింది. లాయరు గారు నవ్వారు. దారికీ, వెలుతురుకీ, నీటి కాలవకీ ఆ ఇరవై ఏళ్ల లెక్క పనికొస్తుంది కానీ పెరిగే కొమ్మకి పనికిరాదట. ఎందుకంటే కొమ్మ నిన్న ఉన్నచోట ఇవాళ ఉండదు. రోజూ కొంచెం జరుగుతూ ఉండేదానికి ఏ రోజు నుంచి లెక్కేస్తారు? బొంబాయి హైకోర్టు ఈ మాట పందొమ్మిదో శతాబ్దంలోనే చెప్పేసిందన్నారు.

ఇంకో మెలిక గోడ. అసలు గోడే హద్దు మీద లేదని, తమ స్థలంలో అడుగు లోపలికి కట్టారని జవాబులో ఒక మాట ఉంది. సర్వే పెట్టిద్దామని గ్రామ సచివాలయానికి వెళ్లాను. సర్వేయరు చూసి, "ఇది గ్రామకంఠం మేడం, పొలాలకున్నట్టు మీ రెండిళ్ల మధ్య హద్దు మా కొలతల పుస్తకంలో ఉండదు, మీ దస్తావేజులే ఆధారం" అన్నాడు. బీరువాలోంచి మామయ్యగారి దస్తావేజు తీశాం. చెక్కుబందీలో పడమర హద్దు దగ్గర "ఉమ్మడి ప్రహరీ గోడ" అని చక్కటి చేతిరాతలో ఉంది. వాళ్ల దస్తావేజులో తూర్పు హద్దు దగ్గర కూడా అదే మాట ఉంది. ఆ విషయం మాస్టారే తర్వాత ఒప్పుకున్నారు. గోడ గొడవ అక్కడితో పోయింది.

దావా వేయాలంటే జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, కోర్టు ఫీజు, చెట్టు చూసి రావడానికి కమిషనరు, ఆయన ఫీజు, వాయిదాలు. లాయరు గారు ఇంకో దారి చెప్పారు. పడిపోయేలా ఉండి ఇరుగుపొరుగు వాళ్లకో, దారిన పోయేవాళ్లకో ప్రమాదం తెచ్చే చెట్టు గురించి ఆర్డీవోకి అర్జీ పెట్టుకోవచ్చు. తీసేయమనో, దన్ను పెట్టమనో ఆయన షరతులతో ఉత్తర్వు ఇవ్వొచ్చు; అభ్యంతరం ఉంటే అవతలివాళ్లు వచ్చి చెప్పుకోవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది సెక్షన్ 133. ఎన్నికలవీ అయ్యి, కాగితాలు సిద్ధం చేసుకుని నేను వెళ్లేసరికి 2024 జులై వచ్చింది. ఆ నెల ఒకటో తారీఖు నుంచే కొత్త చట్టాలు అమల్లోకొచ్చాయి. సెక్షన్ 133 కాస్తా నాగరిక్ సురక్షా సంహితలో 152 అయి కూర్చుంది. టైపు చేయించిన అర్జీలో 133 కొట్టేసి పైన పెన్నుతో 152 రాసి, పక్కన నా పొట్టి సంతకం పెట్టాను. తీసుకున్న గుమాస్తా కూడా కాసేపు ఏ నంబరు కింద ఎక్కించాలో తేల్చుకోలేకపోయాడు.

అర్జీ కింది ఆఫీసుకి, అక్కడ్నించి వీఆర్వోకి దిగొచ్చేసరికి ఆగస్టు నడిమి. ఆ వీఆర్వో కుర్రాడు మంచివాడు. ఒక ఆదివారం పొద్దున్నే వచ్చాడు. అదే రోజు మాస్టారికి ఎట్టకేలకు దింపు మనిషి దొరికాడు, మా తాతే. చెట్టు మీద తాత, కింద గోడకి అటు మాస్టారూ ఇటు నేనూ, మధ్యలో వీఆర్వో. "ఎంత వాలిందని రాయమంటారు? రిపోర్టులో చాలా వాలింది అని రాస్తే ఒప్పుకోరు" అన్నాడు. వెంటనే మాస్టారు లోపలికెళ్లి, వాళ్లింటికి పనికొచ్చిన మేస్త్రీ ఎప్పుడో వదిలేసిన గుండు తెచ్చారు, గోడ నిలువు చూసుకోవడానికి తాడు కట్టి వదిలే ఇనప గుండు. తాతకి పైకి తాడు అందించారు. తాత మొవ్వు కింద నుంచి గుండు వదిలాడు. ఊగి ఊగి అది మా వంటగది రేకుల మీద ఆగింది.

మాస్టారు టేపు పట్టారు. గోడ నుంచి గుండు దాకా ఏడడుగులు. మొదలు నుంచి గోడకి నాలుగు. మొత్తం పదకొండు. చెట్టు ఎత్తు యాభై అనుకున్నాం, తాత తాడుతో అంతే తేలింది. మాస్టారు నా అర్జీ నకలు వెనక్కి తిప్పి, చేతిలో పెన్ను తీసుకుని త్రిభుజం గీశారు. "పదకొండు బై యాభై, పాయింట్ రెండు రెండు. అంటే పన్నెండున్నర డిగ్రీలకి కాస్త తక్కువ. పైన వంపుంది కాబట్టి ఇది ఖచ్చితమైన కోణం కాదు, రాసుకోవయ్యా, ఆ మాట కూడా రాసుకో." వీఆర్వో రాసుకున్నాడు. రేకు మీద గుండు ఆగినచోట మా అమ్మాయి నెయిల్ పాలిష్‌తో ఎర్ర చుక్క పెట్టింది.

అక్టోబరులో రిపోర్టు నకలు తీసుకుంటే, "చెట్టు వాలి ఉన్నది, తక్షణ ప్రమాదము ఉన్నట్లు చెప్పజాలము, లేనట్లునూ చెప్పజాలము" అన్న ధోరణిలో ఉంది. నాకు కోపం రాలేదు. వీఆర్వో చేతిలో ఉన్నదదే. ఉత్తర్వు మాత్రం రాలేదు.

ఆ నెలలోనే స్కూల్లో ఒక అవగాహన సదస్సు పెట్టారు, మండల న్యాయసేవల కమిటీ తరఫున. వచ్చినావిడ పారా లీగల్ వాలంటీరు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని పెడతారనీ, కేసు వేయకముందే తగాదాని లోక్ అదాలత్‌కి తీసుకెళ్లొచ్చనీ, దానికి కోర్టు ఫీజు ఉండదనీ చెప్పింది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారట. 1987 నాటి చట్టం. నోటీసుకీ అర్జీకీ అప్పటికే ఆరు వేలు పోశాను. పిల్లల ముందు చప్పట్లు కొట్టాను గానీ మనసులో తిట్టుకున్నాను, ఎవర్నని తెలీలేదు.

తెల్లకాగితం మీద అర్జీ రాసిచ్చాను. ఇద్దరికీ నోటీసులొచ్చాయి. మాస్టారు రారనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని నాకన్నా ముందే వచ్చి కూర్చున్నారు. 2024 డిసెంబరు 14, జాతీయ లోక్ అదాలత్ రోజు. చెక్కు బౌన్సులూ, బ్యాంకు బాకీలూ, యాక్సిడెంటు కేసుల మధ్య మాదొక్కటే చెట్టు. బెంచి మీద జడ్జిగారు ఫోటోలు చూసి, కుక్కర్ మూత ఫోటో దగ్గర కొంచెం ఆగి, "మాస్టారూ, మీకు ఆ చెట్టు మీద ఏడాదికి ఎన్ని కాయలొస్తాయి?" అని అడిగారు. "వందకి తక్కువే అండీ ఇప్పుడు." "మరి ఎందుకండీ?" ఆయన చాలాసేపు చెప్పలేదు. "మా నాన్నగారు పాతారండీ" అన్నారు మళ్లీ. జడ్జిగారు ఆ మాటని కొట్టిపారేయలేదు. కొట్టిపారేసి ఉంటే రాజీ అయ్యేది కాదని నా నమ్మకం.

ఒప్పందం ఒకటిన్నర పేజీ వచ్చింది. రెండు నెలలకోసారి దింపు తీయించాలి, మనిషిని వెతికే బాధ్యత నాది, కూలి ఆయనది. ఈ షరతు నేనే పెట్టించాను, ఎందుకంటే తాత మాట వినేది మా అత్తయ్య మాటే. మామిడి కాపు దిగాక ఏటా వారం ముందు చెప్పి, గోడ దాటి వచ్చినవి గోడ దాకా కోయాలి, కోసినవి వాళ్లకి అందించాలి. మే నెలాఖరులో, వానలకి ముందు, అదే గుండుతో అదే చుక్క దగ్గర కొలవాలి. అరడుగు దాటి జరిగితే చెట్టు తీయించాలి, ఖర్చు ఆయనది, మా రేకులకి దెబ్బ తగలకుండా చూడాల్సిన పూచీ ఇద్దరిదీ. డబ్బు దగ్గరకొచ్చేసరికి రేకులకి ఆయన 3,400 ఇవ్వాలి. పూత మీద కోసిన కొమ్మకి నేనెంత ఇవ్వాలి? ఆ కొమ్మ మీద ఎన్ని కాయలు దిగేవో మాస్టారు లెక్క చెప్పారు, నేను బేరమాడలేదు. అటూ ఇటూ కొట్టేస్తే నాలుగు వందల తేడా వచ్చింది, నేనే ఇవ్వాలి. ఇచ్చాను.

ఇద్దరం సంతకాలు పెట్టాం. లోక్ అదాలత్ అవార్డంటే సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. నకలు ఉచితంగా ఇచ్చారు. తిరుగు బస్సులో ఇద్దరం వేర్వేరు సీట్లలో కూర్చున్నాం.

2025 మేలో ఈదురుగాలులు రెండుసార్లు గట్టిగా వచ్చాయి. నెలాఖరుదాకా ఆగకుండా మాస్టారే కబురంపారు, కొలుద్దామని. తాత ఎక్కాడు. గుండు వదిలాడు. నెయిల్ పాలిష్ చుక్క వెలిసిపోయి గులాబీ రంగులోకి తిరిగింది కానీ కనబడుతోంది. గుండు దాని మీద ఆగలేదు. అవతల ఆగింది. మాస్టారు నిచ్చెన మీంచి టేపు పట్టి చూసి, ఇంకోసారి పట్టారు. పది అంగుళాలు. జానెడు పైన. ఈసారి త్రిభుజం గీయలేదు. నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుని, "మనిషిని చూడమ్మా, కొట్టించేద్దాం" అన్నారు. డిక్రీ కాగితం నా చేతిలోనే ఉంది, తెరవలేదు.

చెట్టు మొదలంటా కొట్టడం కొమ్మ కోసినట్టు కాదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం సొంత పెరట్లో చెట్టయినా కొట్టేముందు అధికారులతో చూసుకోవాలి. కొన్ని జాతులకి మినహాయింపులున్నాయి కానీ ఏవి ఉన్నాయో మన అంచనా మీద పోకూడదు. మాస్టారు పద్ధతైన మనిషి కాబట్టి ముందే వెళ్లి అడిగి, కాగితం తెచ్చుకున్నారు.

ముగ్గురు మనుషులొచ్చారు. ముందు మట్టలు ఒక్కొక్కటే తాడు కట్టి దింపారు, తర్వాత గెలలు. తర్వాత తల. దాన్ని తాడుతో మామిడి చెట్టు పంగకి కట్టి, కోసి, ఊయలలా వాళ్ల వైపుకి లాగారు. మా వైపు ఒక్క ఆకు పడలేదు. తల పోయాక మొద్దు ఇంకా యాభై అడుగుల ఎత్తున అలాగే వాలి నిలబడి ఉంది, కాసేపు ఎవరం మాట్లాడలేదు. పిన్నిగారు లోపలికెళ్లిపోయారు. మొద్దుని మూడు ముక్కలు చేశారు. పెద్ద ముక్క ఇప్పుడు మా వీధి చివర పంట బోదె మీద అడ్డంగా ఉంది, పిల్లలు దాని మీంచే స్కూలుకి పోతున్నారు.

సాయంత్రం మాస్టారి మనవడు స్టీలు పళ్లెంలో కొబ్బరి మొవ్వు తెచ్చాడు. తెల్లగా, తడిగా, పొరలు పొరలుగా ఉంది. చెట్టు పడినప్పుడే తినగలిగేది అది. మా అమ్మాయి ఎప్పుడూ తినలేదు. కొరికి, "పచ్చి బాదంపప్పులా ఉంది" అంది. అత్తయ్య ఒక్క ముక్క నోట్లో వేసుకుని మిగతాది మాకు తోసేసింది.

పళ్లెం కడిగి నాలుగు రోజులు అరమీద పెట్టాం. ఖాళీ పళ్లెం ఎలా పంపుతాం? ఐదో రోజు అత్తయ్య కొత్త ఆవకాయ గిన్నెలోకి తీసి, ఆ పళ్లెంలో పెట్టి, నా చేతికిచ్చింది. గోడ దాకా వచ్చి వెనక్కి పిలిచింది.

"కాయలు సంతలో కొన్నవేనని చెప్పు."